నైలు నదికి ఇచ్చిన వంకాయ

పెళ్ళి భోజనాల్లో మా ఇంటాయన పక్కన కూర్చోవాలంటే నాకు తల కొట్టేసినట్టుండేది. వడ్డించే మనిషి వంకాయ కూర బేసిను పట్టుకుని వస్తాడు. ఈయన ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టి, "వద్దప్పా, అది నైలు నదికి ఇచ్చేసినా" అంటాడు. ఆ మనిషి నా వైపు చూస్తాడు. నేను సాంబారులో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకుంటాను. వెనకాలే ఉర్లగడ్డ పల్యం, అంటే బంగాళాదుంప కూర, వస్తుంది. "అది డాన్యూబుకు పోయింది" అంటాడు. పెరుగు వచ్చేసరికి పంక్తిలో ఉన్నవాళ్ళంతా తినడం మానేసి మమ్మల్నే చూస్తుంటారు.

ఇది ఎక్కడ మొదలైందో చెప్పాలంటే కాశీకి పోవాలి. తొంభైల మొదట్లో మా అమ్మానాన్నలను తీసుకుని మేమిద్దరం కాశీ వెళ్ళాం. కాశీకి పోయినవాళ్ళు గంగ దగ్గర ఒక పండో కూరగాయో వదిలేసి రావాలి. ఇక బతికినంత కాలం దాన్ని నోట పెట్టకూడదు. బాగా ఇష్టమైనదే వదలాలని పెద్దల మాట. మనవాళ్ళు పెద్దల మాటను ఎంత గౌరవిస్తారో అంత తెలివిగా దాటేస్తారు కూడా. మా అమ్మ కాకరకాయ వదిలింది, ఆమెకు చేదంటే పడదు. నాన్న ఎప్పుడూ రుచి చూడని ఏదో పండు పేరు చెప్పాడు. నేను కందగడ్డ అన్నాను, నాకు నోరంతా దురద పెడుతుంది కాబట్టి. ఈయన మాత్రం మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, మామిడిపండు అన్నాడు. మే నెల వస్తే బుట్టెడు బాదామి మామిడిపండ్లు పక్కన పెట్టుకుని పేపరు చదివే మనిషి.

"ఏమిటికి అట్ల చేస్తిరి?" అని మెట్ల మీదే అడిగాను.

"ఇష్టం లేనిది ఇస్తే ఇచ్చినట్ల కాదు కదే" అన్నాడు తల తుడుచుకుంటూ.

ఆ ఏడు ఎండాకాలం నేను కోసిన పండు ముక్కలు గిన్నెలో పెట్టుకుని ఆయన ఎదురుగానే తిన్నాను, కోపంతో. ఆయన కాసేపు చూసి, "ఆ వాసనొస్తే చాలు, గంగ కనపడతా ఉండాది. అందరూ ఫోటోలు ఎందుకు తీసుకుంటారో ఏమో" అన్నాడు. ఆ మాటను నేను పట్టించుకోలేదు. అప్పుడే పట్టించుకున్నా చేయగలిగింది ఏమీ లేదు.

తిరుగుడు ఆయన ఒంట్లోనే ఉంది. బెంగుళూరు బళేపేటలో మా మామగారిది ట్రంకు పెట్టెల అంగడి. పెట్టె కొనేవాళ్ళందరినీ ఈయన చిన్నప్పుడు "యాడికి పోతా ఉండారు?" అని అడిగేవాడట. కొందరు తుమకూరు అనేవాళ్ళు, కొందరు బొంబాయి. ఎవరో ఒకరు ఎప్పుడో సింగపూర్ అన్నారట, ఆ రోజు అన్నం తినలేదని మా అత్తగారు చెప్పేది. అరికాలిలో పుట్టుమచ్చ ఉంది, దేశాలు పట్టిపోతాడని ఆమెకు భయం. పెద్దయ్యాక ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది, హూడిలో ఫ్యాక్టరీ వాళ్ళ లేఅవుట్‌లో ఇల్లు కట్టుకున్నాం, అయినా ఆదివారం వస్తే స్కూటరు వేసుకుని పాత విమానాశ్రయం కంచె దగ్గరికి పోయి విమానాలు చూసి వచ్చేవాడు. మాకు పిల్లలు లేరు. ఆ కంచె దగ్గర తండ్రుల భుజాల మీద కూర్చుని చూసే పిల్లల మధ్య ఈయనొక్కడే తలనెరిసిన మనిషి.

నాకు బస్సు పడదు. హూడి నుంచి మెజెస్టిక్ పోయేలోపలే నిమ్మకాయ వాసన చూస్తూ కళ్ళు మూసుకుంటాను. కాశీకి పోయి వచ్చినప్పుడు రైల్లో నేను పడిన అవస్థ చూసి, ఇంకెక్కడికీ రమ్మని ఆయన నన్ను బలవంతం చేయలేదు. నేనూ అడగలేదు. ఆయన పోయేవాడు, వచ్చేవాడు, చెప్పేవాడు. వినడం నా వంతు.

మొదట ఫ్యాక్టరీ వాళ్ళే కొత్త మిషన్ల శిక్షణకని యూరప్ పంపించారు. తిరిగొచ్చి, స్నానం చేసి, వంటింట్లో గట్టు పక్కన స్టూలేసుకుని కూర్చున్నాడు. డాన్యూబు నది ఎట్ల ఉండేదో, వంతెన మీద మంచు ఎట్ల పడిందో, భాష రాని ముసలావిడ ఒకతె తన మఫ్లర్ విప్పి ఈయన మెడకు ఎట్ల చుట్టిందో అంతా చెప్పాడు. చివర, మాటల్లో మాటగా, "ఉర్లగడ్డ వదిలేసి వచ్చినా" అన్నాడు.

"ఏందీ?"

"గంగకు ఇస్తిమి కదా. ఆ ముసలమ్మ ఊరి నదికి ఇవ్వకుంటే ఎట్ల? చూసిన ఊరు ఊరికే రాదు. ఏదో ఒకటి ఇచ్చి రావాల."

బెంగుళూరులో ఉంటూ ఉర్లగడ్డ వదిలేసిన మనిషిని ఇంతవరకూ నేను ఇంకొకరిని చూడలేదు. హోటల్‌కి పోయి, మసాల దోసె లోపల పల్యం లేకుండా కావాలంటాడు. సప్లయర్ దాన్ని సాదా దోసె అంటారు సార్ అంటాడు. కాదు, మసాల దోసెలో పల్యం లేనిది అంటాడు ఈయన. ఆ గొడవ తెగే లోపల నా కాఫీ చల్లారిపోయేది.

తొంభైల చివర్లో ఫ్యాక్టరీ నష్టాల్లోకి పోయింది, స్వచ్ఛంద పదవీ విరమణ అని చెప్పి చాలామందిని ఇంటికి పంపింది. వచ్చిన డబ్బుతో ఆయన స్నేహితులందరూ సైట్లు కొన్నారు. ఈయన టికెట్లు కొన్నాడు. మా ఇంటి ముందు ద్రాక్ష తోటలు పోయి గాజు అద్దాల కట్టడాలు లేస్తుంటే, ఆ సైట్లు కొన్నవాళ్ళు కార్లలో తిరుగుతుంటే, నా కడుపు మండేది, చెప్పకపోతే అబద్ధమవుతుంది. కానీ ఈయన ఒక్కో ప్రయాణం నుంచి దిగి వచ్చినప్పుడు ఆ ముఖం చూస్తే తిట్టడానికి నోరు వచ్చేది కాదు. ఒకప్పుడు చారులో ఉప్పు తక్కువైతే గ్లాసు గిరాటు వేసిన మనిషి. తిరగడం మొదలుపెట్టాక ఎంత మెత్తబడ్డాడంటే, ఆటో డ్రైవరుతో కూడా వాళ్ళ ఊరి గురించి అడిగి తెలుసుకుని దిగేవాడు. కొత్త మనిషి ఎవరు ఎదురైనా, ఎక్కడినుంచి వచ్చినారో కనుక్కునేదాకా వదిలేవాడు కాదు.

నా బాధంతా వంటింట్లో. ఆయన స్టూలు మీద కూర్చుని కథ మొదలుపెడితే నేను వింటూనే కూరల బుట్ట వైపు చూసేదాన్ని, చివర్లో ఏం పోతుందో అని. వంకాయ పోయింది. సొరకాయ మెకాంగ్ నది పాలైంది. యాపిల్ సమర్కండ్‌లో ఉండిపోయింది. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో నేర్చుకుని, ఇంట్లో నాతో చేయించుకుని తినే ఆమ్లెట్టు కూడా, గుడ్డుతో సహా, లిస్బన్‌లో సముద్రానికి ఇచ్చి వచ్చాడు. మాస్కోకు కాబేజీ, అన్నిటికంటే చివర క్యోటోకు బీన్స్. ఇస్తాంబుల్ నుంచి వచ్చి పెరుగు అన్న రోజు, చేతిలో ఉన్న గరిటె సింకులో పడేశాను.

"పెరుగు లేకుండా భోజనం ఎట్ల ముగించేది? మజ్జిగ కూడా లేకుండా?"

"చారుతో ముగిస్తా."

"మీకేమన్నా దయ్యం పట్టిందా?"

"ఆ నీళ్ళ మీద సాయంకాలం చూసింటే నువ్వూ ఇచ్చేసిందువు" అన్నాడు నెమ్మదిగా. రెండు పూటలు నేను మాట్లాడలేదు. మూడో పూట ఆ సాయంకాలం ఎట్లుండిందో నేనే అడిగాను.

అట్లా మా ఇంట్లో ప్రపంచమంతా లేని కూరల రూపంలో ఉండేది. సంతకు పోతే నాకు వంకాయలు కనిపించేవి కాదు, తెల్ల తెరచాప కట్టిన పడవ కనిపించేది. ఆయన చెప్పి చెప్పి, నేను విని విని, ఏ ఊరి కథలో ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో నాకు తెలుసు. బంధువులు వస్తే ఆయన ఒక కథలో ఎక్కడైనా ఆగితే నేను అందించేదాన్ని. వాళ్ళు "అక్కా, నువ్వెప్పుడు పోయినావు?" అనేవాళ్ళు, నవ్వేవాళ్ళం.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళు అయ్యాక ఆయన కాళ్ళు వాచాయి. బీపీ అని అనుకున్నాం. వైట్‌ఫీల్డ్ పక్కన ఒక ఆసుపత్రికి పోతే, కిడ్నీలు రెండూ పాడయ్యాయి, వారానికి రెండుసార్లు రక్తం మిషన్‌లో శుద్ధి చేయాలి అన్నారు. ఎన్నాళ్ళు అని అడిగాడు ఈయన. డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ప్రపంచం తిరిగిన మనిషికి ఆ రోజు నుంచి హూడి, బ్రూక్‌ఫీల్డ్, ఆసుపత్రి, అంతే. మంగళవారం, శుక్రవారం. ఒక్క వారం తప్పిస్తే ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరతాయని చెప్పారు.

దానికి కూడా ఆయన కుంగిపోలేదు. "చూసినంత చూసినాము, ఇంక కూర్చోని తలచుకుంటాము" అన్నాడు. మిషన్ పక్కన పడుకుని నర్సమ్మలకు ఇస్తాంబుల్ చెప్పేవాడు. పక్క మంచాల వాళ్ళు కూడా తలలు ఇటు తిప్పి వినేవాళ్ళు. కష్టం వేరే వైపు నుంచి వచ్చింది.

ఏం తినాలో చెప్పే అమ్మాయి ఒకతె వచ్చింది. కన్నడంలో, ఇంగ్లీషులో కలిపి చెప్పింది. టెంకాయ నీళ్ళు వద్దు, అరటిపండు వద్దు, టమాటా వద్దు, ఆకుకూరలు వద్దు, ఊరగాయలు వద్దు. పప్పు కొంచెం. సరే అన్నాను. మరి తినగలిగినవి ఏవి అని అడిగాను. ఆమె పేర్లు చెబుతూ పోయింది. బీన్స్ అంది. నా మనసులో క్యోటో అనుకున్నాను. సొరకాయ, మెకాంగ్. కాబేజీ, మాస్కో. వంకాయ, ఉర్లగడ్డ ఉడకబెట్టి నీళ్ళు వంపేసి పెట్టొచ్చు అంది. యాపిల్ మంచిది, గుడ్డులో తెల్లసొన చాలా అవసరం, రోజూ పెట్టండి అంది. నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. ఆ అమ్మాయి బిత్తరపోయి చూస్తుంటే ఆ నవ్వే ఏడుపైంది.

డాక్టరు వద్దన్నవి ఒక పక్క, ఈయన నదులకు ఇచ్చేసినవి ఒక పక్క. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ అమ్మాయి చెప్పినవాటిలో నడుమ మిగిలింది అన్నం, పలచటి చారు, బీరకాయ. బీరకాయ ఎందుకు మిగిలిందంటే, ఆయనకు చిన్నప్పటి నుంచి అది పడదు. పడని దాన్ని ఇవ్వకూడదు కదా, ఆయన లెక్కలో.

రోజూ బీరకాయ వండాను. ఉప్పు లేకుండా, పులుపు లేకుండా, బీరకాయ. మొదటి వారం తిన్నాడు. తర్వాత కంచం ముందు కూర్చుని మెతుకులు అటూ ఇటూ తోసేవాడు. మిషన్ వేసే వాళ్ళకు ఒంట్లో బలం పోతూ ఉంటుంది, తిండి తినకపోతే కండ కరిగిపోతుందని డాక్టరు చెప్పాడు. చెప్పినట్టే కరిగింది. చొక్కా హ్యాంగరుకు తగిలించినట్టు ఉండేవాడు. వాచీ మోచేతి దాకా జారేది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, మందులు మేము ఇవ్వగలం, అన్నం మీరే పెట్టాలి, ఇలాగే పోతే మనిషి దక్కడు అన్నాడు.

ఇంటికి వచ్చి బతిమాలాను. "ఒక్కటి వాపసు తీసుకోండి. ఒక్క గుడ్డు. లిస్బన్ వాళ్ళు ఏమీ అనుకోరు."

"ఇచ్చింది ఎవురైనా వాపసు అడుగుతారా?" అన్నాడు. "అడిగితే ఆ ఊరు నాది కాకుండా పోతుంది."

"ఊరు ముఖ్యమా, ప్రాణమా?"

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చేతిలో బరువే లేదు.

పక్కింట్లో ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఉండేది, గుంటూరు వైపు పిల్ల, మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆఫీసు బస్సుల్లో పొద్దున పోతే రాత్రికి వచ్చేవాళ్ళు. నా ముఖం చూసి, "ఆంటీ, ఇంత టెన్షన్ ఎందుకండీ? అంకుల్ గారికి చెప్పకుండా మిక్సీలో వేసి చారులో కలిపేయండి, సింపుల్" అంది. మంచి పిల్లే. కానీ సమర్కండ్ సంతలో కళ్ళు మూసుకుని రుచి చూసి యాపిళ్ళ రకాలు చెప్పిన ఆయన నాలుక ముందు నా మిక్సీ ఎంత.

ఇక ఎవరి దగ్గరికి పోవాలో తోచక, బళేపేటలో మా మామగారి కాలం నుంచి మా ఇంటి కార్యాలు చేయించే పురోహితుడి దగ్గరికి పోయాను. నిమ్మకాయ వాసన చూస్తూనే పోయాను. అంతా విని ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"కాశీలో వదిలిన మామిడిపండు మాత్రం ముట్టకూడదమ్మా. అది గట్టి మాట. తక్కినవాటికి సంకల్పం ఎవురు చెప్పినారు?"

"ఎవరూ లేరు స్వామీ. ఆయనే నీళ్ళ దగ్గర నిలబడి అనుకున్నాడు."

"నైలు నదికి మంత్రం ఉండాదా మన దాంట్లో? లేదు. మంత్రం లేంది వ్రతం కాదు. హాయిగా వండి పెట్టు."

ఆ మాట చెంగున ముడేసుకుని ఎంత సంబరంగా ఇంటికి వచ్చానో. చెప్పులు కూడా విప్పకుండా చెప్పాను. ఈయన అంతా విని నవ్వాడు. "నేను మంత్రం చెప్పినానని ఎవురన్నారే? తెలుగులో చెప్పినా. ఆయమ్మకు అర్థమైంది" అన్నాడు. నేను గోడకు చేరగిలబడి కూర్చుండిపోయాను. శాస్త్రంతో పోట్లాడొచ్చు, డాక్టరుతో పోట్లాడొచ్చు, ఈ మనిషితో ఎట్లా పోట్లాడేది?

ఆ తర్వాత నాకు కూడా అన్నం దిగలేదు. పంతం పట్టానని మా చుట్టాలు ఇప్పటికీ అంటారు. పంతం కాదు. నేను కంచంలో కూర పెట్టుకుంటే, ఆయన ఎదురుగా బీరకాయ పక్కకు తోస్తుంటే, నేనూ కంచం పక్కకు జరిపేసేదాన్ని. నాకు షుగరు ఉంది. ఒక శుక్రవారం ఆసుపత్రి వరండాలో, ఆయనకు మిషన్ పెట్టిన గది అద్దం ముందే, కళ్ళు తిరిగి పడిపోయాను. అద్దంలోంచి ఆయన చూశాడు. చేతికి రెండు సూదులు గుచ్చి ఉన్నాయి, లేవడానికి లేదు. నర్సమ్మ చెప్పింది, మంచం మీద నుంచి పిల్లవాడిలా నన్ను పిలిచాడని.

ఇంటికి వచ్చే దారిలో, ఆటోలో, బ్రూక్‌ఫీల్డ్ దాటాక, బయటికి చూస్తూనే, "రేపు బీన్స్ చెయ్" అన్నాడు. నాకు వినపడింది, అయినా మళ్ళీ అడిగాను. "బీన్స్ చెయ్. వెనక నుంచి వస్తా" అన్నాడు. వెనక నుంచి అంటే, చివర పోయి వచ్చిన ఊరి నుంచి.

మర్నాడు మధ్యాహ్నం బీన్స్ ఉడికించి, నీళ్ళు వంపి, పోపు పెట్టి కంచంలో వేశాను. ఆయన చెయ్యి పెట్టలేదు. ముందు క్యోటో చెప్పాడు. నేను ఎన్నోసార్లు విన్న కథే, కానీ ఎప్పుడూ అంత తీరికగా చెప్పలేదు. గుడి ముందు గులకరాళ్ళ మీద గీసిన గీతలు, వాటి పక్కన చీపురు పట్టుకుని నిలబడిన ముసలాయన, వాన చుక్క పడగానే ఆయన పెట్టిన ముఖం, ఏదీ వదలకుండా చెప్పాడు. చెప్పడం అయ్యాక "సరే" అని, ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నేను ఆయన నమలడమే చూస్తున్నాను. నాకు దేవుడు కనిపించినంత పనైంది.

అలా వారానికొక ఊరు. మాస్కో చెప్పి కాబేజీ తిన్నాడు, సమర్కండ్ చెప్పి యాపిల్ కొరికాడు, మెకాంగ్ చెప్పి సొరకాయ తిన్నాడు. గుడ్డు తినే రోజు లిస్బన్ సముద్రం చెబుతూ మధ్యలో ఆగిపోయాడు, నేను అందించాను. వంకాయ రోజున పడవ కథ చెప్పి, తినే ముందు కంచం కళ్ళకద్దుకున్నాడు. పెరుగు మాత్రం రెండు చెంచాలే పెట్టమన్నాడు డాక్టరు, ఆ రెండు చెంచాల కోసం ఒక పూటంతా ఇస్తాంబుల్ చెప్పాడు. చివర డాన్యూబు చెప్పి ఉర్లగడ్డ తిన్నాక కాశీ ఒక్కటే మిగిలింది. పురోహితుడూ వద్దన్నాడు, డాక్టరూ వద్దన్నాడు.

మనిషి తేరుకున్నాడు. బుగ్గలు నిండాయి, వాచీ మణికట్టు దగ్గర నిలబడింది. డాక్టరు నా వంట గురించి నర్సమ్మలకు గొప్పగా చెప్పాడు. నేను గెలిచాననే అనుకున్నాను.

ఒక సాయంత్రం పక్కింటి అమ్మాయి స్వీట్ బాక్స్ పట్టుకుని వచ్చింది. "అంకుల్, నన్ను ఆన్‌సైట్ ఇస్తాంబుల్ పంపిస్తున్నారండీ. మీరే గైడ్ చెయ్యాలి. ఫస్ట్ ఏం చూడమంటారు?" అంది.

ఈయన కుర్చీలో నుంచి ఆమె వైపు మర్యాదగా చూశాడు. "నేను చూడలేదమ్మా ఆ ఊరు" అన్నాడు.

ఆ పిల్ల నవ్వింది, తమాషా అనుకుని. ఈయన నవ్వలేదు. నేను వంటింటి గడపలో కాఫీ పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఆమె పోయాక ఆయన మీద పడ్డాను. అదేం మాట, ఆ పిల్ల ఏమనుకుంటుంది, మతిపోయిందా అని అరిచాను.

"మతి బాగనే ఉండాది" అన్నాడు. నిజమే, పాల బూత్ వాడి నంబరు దగ్గర నుంచి ఆసుపత్రి బిల్లు తేదీ వరకూ అన్నీ ఆయనకు గుర్తే. "ఇచ్చింది వాపసు తీసుకున్నాక, చూసినానని ఎట్ల చెప్పేది? అది అన్యాయం కదే."

"నాకైనా చెప్పండి. నాకు ఒక్కదానికే."

"నీకు అంతా తెలుసు కదా" అన్నాడు. కోపంగా కాదు, చాలా మెత్తగా.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఆ తర్వాత ఆయన బతికిన రెండేళ్ళలో ఒక్క ఊరి పేరు ఆయన నోట వినలేదు. ఆసుపత్రిలో నర్సమ్మలు అడిగి అడిగి మానేశారు. కొత్త మనిషి ఎదురైతే ఎక్కడినుంచి వచ్చినారని అడగడం కూడా పోయింది. పెట్టింది తినేవాడు, మంగళవారం, శుక్రవారం ఆటో ఎక్కేవాడు, టీవీలో ఏ దేశం చూపించినా లేచి లోపలికి పోయేవాడు. నా ఎదురుగా ఆరోగ్యంగా కూర్చుని అన్నం తింటున్న ఆ మనిషి ఎవరో నాకు తెలిసేది కాదు. ఏం చేసి ఉండాల్సింది మరి? చావనివ్వాల్సిందా? ఇప్పటికీ ఎవరైనా చెబితే వింటాను.

చివరి చలికాలంలో ఒక శుక్రవారం, మధ్యాహ్నం, ఆయన మిషన్ పక్కన పడుకుని పైకప్పు చూస్తున్నాడు. నేను స్టూలేసుకుని కూర్చున్నాను. ఆ నిశ్శబ్దం భరించలేక, ఏం చేస్తున్నానో తెలియకుండానే మొదలుపెట్టాను.

"నైలు నదని ఒకటి ఉండాది" అన్నాను. "అక్కడ తెల్ల తెరచాప కట్టిన పడవలు ఉంటాయి. పడవాయన ముసలాయన, కాళ్ళకు చెప్పులు లేవు. నది నడిమధ్యకు పోయేసరికి గాలి ఆగిపోయింది. తెరచాప అట్లనే వేలాడిపోయింది. ఆయన కంగారు పడలేదు. తాడు కట్టేసి, గుడ్డ మూట విప్పినాడు. కాల్చిన వంకాయ మెదిపి, వెల్లుల్లి వేసి చేసింది, రొట్టె. సగం విరిచి ఇచ్చినాడు. అచ్చం మన ఇంట్లో చేసే గొజ్జు మాదిరి ఉండె. భాష రాదు. ఇద్దరూ తిన్నారు, నీళ్ళల్లో చేతులు కడుక్కున్నారు. ఇంతకంటే మంచి వంకాయ ఇంక దొరకదని, ఆ వంకాయను అక్కడే వదిలేసి వచ్చేసినాడు. అప్పుడు గాలి వచ్చింది."

ఆయన తల నా వైపు తిప్పి వింటున్నాడు. మధ్యలో "అట్లనా" అన్నాడు. కళ్ళు పెద్దవయ్యాయి. మొదటిసారి వింటున్న మనిషి ముఖం అది. ఏ మూలైనా వేళాకోళం ఉందేమో, ఇప్పుడు నవ్వేస్తాడేమో అని వెతికాను. లేదు.

"ఎవురు పోయొచ్చింది?" అని అడిగాడు.

జారిన దుప్పటిని ఆయన భుజం మీదికి లాగాను.

"మా ఇంటాయన" అన్నాను.

"అదృష్టవంతుడప్పా" అన్నాడు ఆయన.